పసుపు సంచిలో ఉన్న దేవుడు ఎవరు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

పోయిన నెల జపాన్ ప్రయాణం గురించి ఒక పాఠకుడికి జవాబు రాస్తూ, షికోకు దీవిలో కొతొహిరా అనే గుడి ఉందని, అక్కడి దేవుడు ఓడలనీ ప్రయాణికులనీ కాపాడతాడని జపాన్‌వాళ్ల నమ్మకమని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. దాని మీద ఇన్ని ఉత్తరాలు వస్తాయని అనుకోలేదు. ఎక్కువ భాగం ఓడల్లో పని చేసే పిల్లలున్న ఇళ్ల నుంచే వచ్చాయి. అందుకే ఈసారి పేజీ అంతా ఆ గుడికే. ఒకాయామాలో ఉన్న మూడేళ్లలో నాలుగుసార్లు ఆ కొండ ఎక్కాను, చూసిందీ తెలుసుకున్నదీ చెప్తాను.

అమ్మా, మా చిన్నవాడు సరుకుల ఓడలో ఇంజిన్ రూమ్‌లో పని చేస్తాడు. ఓడ రిపేరుకి జపాన్‌లో ఆగినప్పుడు అక్కడి యార్డులో ఒక పెద్దాయన వాడికి చిన్న పసుపు గుడ్డ సంచి ఇచ్చి, దగ్గర పెట్టుకో, కొంపిరా-సాన్ చూసుకుంటాడు అన్నారట. సెలవుకి వచ్చినప్పుడు వాడు దాన్ని నా చేతిలో పెట్టి, "టెన్షన్ పడేది నువ్వే కదా, నీ దగ్గరే ఉండనీ" అని వెళ్లిపోయాడు. దాన్ని మా దేవుడి గూట్లో పెట్టొచ్చా? విప్పి చూడొచ్చా? ఇంతకీ ఆ దేవుడు ఎవరు?
భీమిలి నుంచి ఒక తల్లి

అమ్మా, ముందు సంచి సంగతి చెప్తాను. విప్పకండి. దాన్ని ఒమామొరి అంటారు, మన తాయెత్తు లాంటిది. లోపల గుడి పేరు రాసిన కాగితమో చెక్కముక్కో ఉంటుంది, మూతి విప్పితే దాని బలం పోతుందని అక్కడివాళ్లు నమ్ముతారు. దేవుడి గూట్లో నిక్షేపంగా పెట్టుకోండి. ఏడాది అయ్యాక దాన్ని గుడికి తిరిగి ఇచ్చేసి కొత్తది తీసుకోవడం అక్కడి అలవాటు, పాతవాటిని గుడివాళ్లే పూజ చేసి కాల్చేస్తారు. ఇవ్వలేకపోతే దోషమని ఎవరూ భయపెట్టరు, మీవాడి ఓడ మళ్లీ ఎప్పుడైనా అటు వెళ్తే అప్పుడు పట్టుకెళ్తాడు. ఇంకో సంగతి వింటే మీకు సంతోషంగా ఉంటుంది. ఆ పసుపు ఏదో అందం కోసం వేసిన రంగు కాదు, ఆ దారాన్ని అద్దేది మన వంటింట్లో ఉండే పసుపుతోనే. ముడుపు కట్టే ముందు మనం గుడ్డని పసుపునీళ్లలో ముంచి ఆరేస్తామే, అలాగన్నమాట.

ఇక దేవుడు. గుడి అసలు పేరు కొతొహిరా-గూ, కగావా అనే ప్రాంతంలో ఉంది. జనం మాత్రం కొంపిరా-సాన్ అనే అంటారు. సాన్ అంటే మన గారు. ఈ కొంపిరా అనే మాట సంస్కృతంలోని కుంభీర నుంచి వచ్చింది. కుంభీరం అంటే మొసలి, మన పాత తెలుగు కావ్యాలు చదివినవాళ్లకి ఈ మాట తెలిసే ఉంటుంది. గంగలో దిగేవాడికి మొసలిని మించిన భయం ఏముంటుంది, ఆ భయానికే దణ్ణం పెట్టి, నువ్వే మాకు కాపలా ఉండు అని నిలబెట్టుకున్నారు మన దేశంలో పూర్వులు. బౌద్ధంలోకి వచ్చాక కుంభీరుడు రోగాలు నయం చేసే బుద్ధుడైన భైషజ్యగురువు చుట్టూ నిలబడే పన్నెండుగురు యక్ష సేనానుల్లో ఒకడయ్యాడు. బౌద్ధంతోనే చైనా మీదుగా జపాన్ వెళ్లాడు. అక్కడ నీటి దేవుడు కాస్తా పడవలవాళ్ల దేవుడయ్యాడు. గంగమ్మ తల్లిని ప్రేమగానూ భయంగానూ ఒకేసారి తలుచుకునే మీ ఊళ్లో ఈ విషయం ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆయన ఉన్న కొండ పేరు జోజుసాన్, ఏనుగు తల కొండ అని అర్థం. దూరం నుంచి ఆ ఆకారంలో కనిపిస్తుందని ఆ పేరు పెట్టారు. ఏనుగు తల మీద మొసలి పేరుగల దేవుడు! ఈ రెండు పేర్ల అర్థాలు మొదటిసారి తెలిసిన రోజు నాకు చిన్నప్పుడు మా అమ్మమ్మ చెప్పిన గజేంద్ర మోక్షం గుర్తొచ్చి, ఆ మెట్ల మీదే కాసేపు కూర్చుండిపోయాను. ఆ కథలోంచి పుట్టిన పేర్లు కావివి, ఎవరైనా అలా వాట్సాప్‌లో పంపితే నమ్మకండి. కానీ తెలుగు ఇంట్లో పెరిగినవాళ్లకి ఆ కథ గుర్తురాకుండా ఎలా ఉంటుంది!

మీ ఉత్తరం చివర్లో ఇంకో మాట రాశారు, "అంత దూరం వెళ్లి మొక్కు తీర్చే ఓపిక, స్తోమత నాకు లేవు" అని. దాని గురించే నేను ఎక్కువ చెప్పాలనుకుంటున్నాను, ఎందుకంటే ఈ గుడి చరిత్రంతా వెళ్లలేనివాళ్లతోనే నిండి ఉంది. సముద్రం మీద పోతున్న ఓడవాళ్లకి కొండ కనిపించేది కానీ దిగి ఎక్కే తీరిక ఉండేది కాదు. వాళ్లేం చేసేవారంటే, ఒక చెక్క పీపాలో కానుక డబ్బులు పెట్టి, మూత బిగించి, కొంపిరా దేవుడికి సమర్పణ అని రాసిన జెండా గుచ్చి, పీపాని నీళ్లలో వదిలేసేవారు. అంతే. అది ఎటు కొట్టుకుపోతుందో వదిలినవాడికి తెలీదు. ఏ జాలరికో కనిపిస్తుంది. లోపల డబ్బుందని అతనికి తెలుసు. అయినా దాన్ని ఒడ్డుకి తెచ్చి, ఆ రోజు పని పక్కన పెట్టి, మోసుకెళ్లి గుడిలో అప్పజెప్పేవాడు. వదిలినవాడితో పాటు తెచ్చినవాడికీ మంచి జరుగుతుందని నమ్మకం. నగాషి-దరు అంటారు దీన్ని, తేలిపోయే పీపా అని. జపాన్ నౌకాదళం ఓడలు ఈ రోజుకీ ఇలా పీపాలు వదులుతుంటాయి, దొరికినవాళ్లు తెచ్చి ఇస్తూనే ఉన్నారు.

కుక్కల సంగతి ఇంకా గొప్పది. రెండు మూడు వందల ఏళ్ల కిందట, ఎదో కాలం అంటారు, అప్పుడు ముసలితనం వల్లో జబ్బు వల్లో కదల్లేనివాళ్లు తమ పెంపుడు కుక్క మెడలో చిన్న సంచి కట్టి పంపేవారు. సంచిలో యజమాని పేరూ ఊరూ రాసిన చీటీ, దేవుడి కానుక, దారిలో కుక్క తిండికి కొంత డబ్బు. దారినపోయే యాత్రికులు ఆ సంచి చూసి, ఇది కొంపిరాకి వెళ్తున్న కుక్క అని అర్థం చేసుకుని, తిండి పెట్టి, తమతో కొంత దూరం నడిపించి, ఇంకొకరికి అప్పగించేవారు. అలా చేతులు మారుతూ అది కొండ ఎక్కి, మళ్లీ అలాగే ఇంటికి చేరేది. గుడి దగ్గర ఆ కుక్కకి విగ్రహం ఉంది, మెడలో సంచితో సహా. నేను వెళ్లిన నాలుగుసార్లూ దాని తల నిమిరాను.

కాబట్టి అమ్మా, మీరు వెళ్లలేదని ఆ దేవుడు లెక్క చూసుకుంటాడేమో అన్న భయం వదిలేయండి. మీ ఇంటి పద్ధతిలో ఒక ముడుపు కట్టి ఆ పసుపు సంచి పక్కన పెట్టండి. వాడు ఎప్పుడు వెళ్తే అప్పుడు తీసుకెళ్తాడు.

సముద్ర దేవుడు అంటున్నారు, కొండ మీద ఉన్నాడంటున్నారు. తీరంలో కదా ఉండాలి? పైగా పేరు సంస్కృతం అంటున్నారు, అంటే జపాన్‌వాళ్లు మన దేవుణ్ణి తీసుకెళ్లి తమ దేవుడని చెప్పుకుంటున్నారా?
నెల్లూరు నుంచి ఒక ఉపాధ్యాయుడు

మాస్టారూ, మొదటి ప్రశ్నకి జవాబు మీ నెల్లూరు తీరంలో పడవ నడిపేవాళ్లు చిటికెలో చెప్తారు. ఒడ్డు నుంచి దూరంగా వెళ్లినవాడికి దారి చెప్పేది తీరం కాదు, తీరం వెనక కనిపించే ఎత్తైన గుర్తు. కొండో, గోపురమో, తాటితోపో. జపాన్‌లో యామా-అతె అంటారు, కొండని గురి పెట్టుకుని పడవ ఎక్కడుందో తేల్చుకోవడం. షికోకుకీ జపాన్ ప్రధాన దీవికీ మధ్య ఉన్న సెతో లోపలి సముద్రం చిన్న చిన్న దీవులతో, వాటి మధ్య సుడులు తిరిగే ప్రవాహాలతో నిండి ఉంటుంది, దారి తప్పడం చాలా తేలిక. ఆ నీళ్ల మీద నుంచి చూస్తే బల్లపరుపు మైదానం వెనకాల ఈ ఏనుగు తల కొండ లేచి నిలబడి కనిపిస్తుంది. రోజూ దారి చూపించి ఇంటికి చేర్చే కొండకి దణ్ణం పెట్టకుండా ఎవరుంటారు?

ఆ సముద్రంలోనే షివాకు అని దీవుల గుంపు ఉంది, అక్కడి పడవలవాళ్లు మహా గట్టివాళ్లు. ఉత్తరాన హొక్కైదో నుంచి ఒసాకా దాకా ఊరూరా సరుకు కొంటూ అమ్ముతూ తిరిగే కితమాయెబునె ఓడల్లో వీళ్లు పని చేశారు, వెళ్లిన ప్రతి రేవుకీ కొంపిరాని వెంట తీసుకెళ్లారు. అందుకే జపాన్‌లో సముద్రం ఉన్న చోటల్లా ఏదో ఒక మూల చిన్న కొంపిరా గుడి కనిపిస్తుంది.

రెండో ప్రశ్న దగ్గర మాత్రం మీతో ఏకీభవించలేను. పేరు మన దగ్గర నుంచి వెళ్లింది, నిజమే, అది నాకూ గర్వమే. కానీ ఆ దేవుణ్ణి పెంచింది వాళ్లు. కొంపిరా అన్నది బుద్ధుడి తత్వమూ, జపాన్ సొంత మతమైన షింతో దేవుడూ కలిసిన రూపం, వందల ఏళ్లు ఆ కొండ మీద బౌద్ధ ఆలయమే ఉండేది. 1868లో మెయిజీ చక్రవర్తి పేరిట కొత్త ప్రభుత్వం వచ్చి బౌద్ధాన్నీ షింతోనీ విడదీయాలని ఆజ్ఞ వేశాక అది షింతో గుడి అయింది, పేరు కొతొహిరాగా మారింది. ఇప్పుడు అక్కడి ప్రధాన దైవం ఓమొనొనుషి, జపాన్ పురాణాల్లో సముద్రం మీద వెలుగులు చిమ్ముకుంటూ వచ్చిన దేవుడు. ఆయనతో పాటు సుతొకు అనే చక్రవర్తిని కూడా పూజిస్తారు. ఆయన 1156లో జరిగిన అధికార పోరులో ఓడిపోతే సముద్రం దాటించి ఈ ప్రాంతానికి పంపేశారు, 1164లో ఇక్కడే పోయారు, రాజధానికి తిరిగి వెళ్లనేలేదు. ఆ మరుసటి ఏడే ఈ కొండ మీద ఆయన్ని ప్రతిష్ఠించారు. ఇల్లు చేరాలని కోరుకునేవాళ్లు వచ్చే గుడిలో, ఇల్లు చేరని మనిషి కూడా దేవుడై కూర్చున్నాడు. ఇది నన్ను చాలా కదిలించింది.

ఇంత జరిగాక కూడా జనం నోట్లో కొంపిరా అన్న పేరే నిలిచింది. ప్రభుత్వం పేరు మార్చి 150 ఏళ్లు దాటింది, పడవలవాళ్లు మార్చలేదు. మాదే అని లాక్కోవడం కంటే, మన గంగలో పుట్టిన ఒక మాటని వాళ్లు ఇంత కాలం నోట్లో దాచుకున్నారని సంతోషిస్తేనే నాకు బాగుంటుంది.

మేడమ్, నేను ఒసాకాలో పని చేస్తున్నాను. డిసెంబరులో అమ్మానాన్న వస్తున్నారు. నాన్న ఒకప్పుడు విశాఖ పోర్టులో చేశారు, ఓడలంటే ప్రాణం. ఆ గుడికి తీసుకెళ్లాలని ఉంది కానీ అమ్మకి మోకాళ్ల నొప్పులు. మెట్లు ఎన్ని? ఎక్కగలరా? తిండి ఎలా?
ఒసాకా నుంచి ఒక ఇంజినీరు

ప్రధాన గుడి దాకా 785 మెట్లు, ఇంకా పైన ఉన్న లోపలి గుడి దాకా అయితే మొత్తం 1,368. అలిపిరి నుంచి తిరుమలకి 3,550 మెట్లు ఎక్కే జాతికి ఇదేమంత కాదు గానీ, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకి మొదటి వంద మెట్లే కష్టం. ఆ వందకీ రెండు పక్కలా దుకాణాలు, వాటి ముందు వెదురు కర్రలు పెట్టి ఉంటాయి, అమ్మగారికి ఒకటి తీసి ఇవ్వండి, దిగేటప్పుడు తిరిగి ఇచ్చేయొచ్చు. పొద్దున్నే మొదలుపెట్టండి. తొందర పెట్టకండి, మా అత్తగారిని తీసుకెళ్లినప్పుడు నేను ముందు నడుస్తూ రండి రండి అనడం వల్ల ఆవిడ సగంలోనే ఆయాసపడిపోయారు, ఆ రోజు పై దాకా వెళ్లలేకపోయాం, ఇప్పటికీ నాకు బాధే.

365వ మెట్టు దగ్గర పెద్ద ద్వారం వస్తుంది. అది దాటగానే ఐదు పెద్ద తెల్ల గొడుగులు, ఒక్కో గొడుగు కింద ఒక్కో మనిషి కూర్చుని మిఠాయి అమ్ముతుంటారు. ద్వారం లోపల అమ్ముకునే హక్కు ఆ ఐదు కుటుంబాలకే, తరతరాలుగా. వాళ్లు అమ్మేది ఒక్కటే సరుకు, విసనకర్ర ఆకారంలో పల్చగా ఉండే బంగారు రంగు చక్కెర మిఠాయి, యూజు అనే నిమ్మజాతి కాయ వాసనతో. దాంతో పాటు వేలెడంత ఇనుప సుత్తి ఇస్తారు. మిఠాయిని ఆ సుత్తితో టక్ టక్‌మని పగలగొట్టి ముక్కలు పంచుకోవాలి. కొని అక్కడే అమ్మగారిని కాసేపు కూర్చోబెట్టండి.

500 మెట్లు దాటే చోట ఆగాల్సింది మీ నాన్నగారి కోసం. చెట్ల నీడలో, కొండ మీద, ఓడ ప్రొపెల్లర్ ఒకటి నిలబెట్టి ఉంటుంది, బంగారు రంగులో మెరుస్తూ, 6 మీటర్ల అడ్డకొలతతో. ఇమబారి నౌకా నిర్మాణ సంస్థ సమర్పించింది. పోర్టులో పని చేసిన మనిషి దాని రెక్కల ఒంపు మీద చెయ్యి పెట్టి చూస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి. పైన ప్రధాన గుడి పక్కన మొక్కుబడి పటాల మంటపం ఉంది, అక్కడ కనీసం అరగంట ఇవ్వండి ఆయనకి. పాత తెరచాప ఓడల బొమ్మల దగ్గర నుంచి నేటి ట్యాంకర్లు, కంటైనర్ ఓడల ఫోటోల దాకా గోడలన్నీ నిండిపోయి ఉంటాయి. మా ఓడని చల్లగా చూడు అని ఓడలవాళ్లు ఇచ్చినవే అన్నీ. అల్యూమినియం డబ్బాల లోహంతో చేసి, ఎండ శక్తితో నడిపి, 1996లో హొరియె కెనిచి అనే నావికుడు ఒక్కడే పసిఫిక్ దాటిన చిన్న పడవ కూడా అక్కడే ఉంది. 1990లో అంతరిక్షంలోకి వెళ్లిన మొదటి జపాన్ మనిషి అకియామా తొయొహిరో పటం కూడా పెట్టారు. ప్రయాణం ప్రయాణమే కదా, నీళ్ల మీదైతేనేం, నింగిలోనైతేనేం.

మెట్ల లెక్కలో ఒక కిటుకు ఉంది, మీ అమ్మగారికి చెప్పండి, నవ్వుకుంటూ ఎక్కుతారు. నిజానికి ఎక్కే మెట్లు 786. జపాన్ భాషలో 7, 8, 6 అంకెల్ని వరసగా నా, యా, ము అని చదవొచ్చు, నయాము అంటే బాధపడటం. దేవుడి దగ్గరికి బాధ లెక్కతో చేరకూడదని ఒకచోట ఒక్క మెట్టు కిందికి దిగేలా కట్టి, 785 చేశారని చెప్తారు.

దారి సంగతి: ఒసాకా నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒకాయామా, అక్కడ నన్పూ ఎక్స్‌ప్రెస్ ఎక్కితే దాదాపు గంటలో కొతొహిరా. రైలు సెతో పెద్ద వంతెన మీదుగా వెళ్తుంది, కిటికీ పక్క సీటు నాన్నగారికి. తిండి మీరు శాకాహారులైతే జాగ్రత్త. ఆ ప్రాంతం ఉదోన్‌కి పెట్టింది పేరు, చూస్తే ఉత్త గోధుమ సేమ్యాలా ఉంటుంది, కానీ పులుసు ఎండు చేపలతో కాస్తారు. పులుసు వద్దని, ఉత్త ఉదోన్ మీద సోయా సాస్ మాత్రం పోసిమ్మని ముందే జపాన్ భాషలో కాగితం మీద రాసి చూపించండి. ఇంటి నుంచి పులిహోర కట్టుకెళ్తే ఇంకా నిశ్చింత.

షింతో గుళ్లో దణ్ణం ఎలా పెట్టాలి? కొబ్బరికాయ కొట్టొచ్చా? వేరే మతంవాళ్లని రానిస్తారా?
వరంగల్ నుంచి ఒక డిగ్రీ విద్యార్థిని

అందరినీ రానిస్తారు, ఎవరూ ఏమీ అడగరు. కొబ్బరికాయ, హారతి, తీర్థం ఉండవు. ముందు నీళ్ల తొట్టి దగ్గర గరిటెతో ఎడమ చెయ్యి, కుడి చెయ్యి కడుక్కుని, అరచేతిలో నీళ్లు పోసుకుని నోరు పుక్కిలించాలి. గుడి ముందు పెట్టెలో నాణెం వేసి, రెండుసార్లు వంగి, రెండుసార్లు చప్పట్లు కొట్టి, మనసులో చెప్పుకోవాల్సింది చెప్పుకుని, చివర ఒకసారి వంగాలి. 5 యెన్‌ల నాణెం వేస్తే మంచిదంటారు, దాని పేరు గొ-ఎన్, అదే ఉచ్చారణకి బంధం అనే అర్థం కూడా ఉంది. చెప్పులు ఆరుబయట విప్పక్కర్లేదు, లోపలి మంటపం ఎక్కితేనే.

జపాన్‌లో ఆడవాళ్లు అడుగుపెట్టకూడని సముద్ర దేవతల దీవి ఉందని విన్నాను. దేవతలు ఆడవాళ్లే అయితే ఆడవాళ్లని ఆపడం ఏమిటి?
హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు

ఉంది. ఒకినొషిమా. జపాన్‌లోని క్యూషూ దీవి ఒడ్డు నుంచి 60 కిలోమీటర్ల దూరంలో, కొరియాకి వెళ్లే పాత ఓడ దారి మధ్యలో ఉంటుంది. మునకత గుడికి చెందిన ముగ్గురు అక్కచెల్లెళ్లు, సముద్ర దారులకి దేవతలు, వాళ్లలో ఒకరి చోటు అది. నాలుగో శతాబ్దం నుంచి తొమ్మిదో శతాబ్దం దాకా ఓడ ప్రయాణం క్షేమంగా సాగాలని అక్కడి బండల మధ్య పూజలు చేసి వస్తువులు వదిలేశారు. 1954 నుంచి 1971 దాకా తవ్వకాల్లో దొరికిన దాదాపు 80,000 వస్తువులు ఇప్పుడు జపాన్ జాతీయ సంపద. వాటిలో కొరియా బంగారు ఉంగరం ఉంది, పర్షియా గాజు గిన్నె ముక్క ఉంది. ఆ దీవి నుంచి గడ్డిపరక కూడా తీసుకురాకూడదు, అక్కడ చూసింది బయట చెప్పకూడదు, కాపలా ఉండే పూజారి ఒక్కడే, అతనూ సముద్రంలో మునిగి శుద్ధి చేసుకున్నాకే అడుగు పెట్టాలి. ఏటా మే 27న ఓ 200 మంది మగవాళ్లకి అనుమతి ఉండేది, 2017లో యునెస్కో గుర్తింపు వచ్చాక మగవాళ్లకీ ఆపేశారు.

ఆడవాళ్లని ఆపడం నాకు నచ్చదు, ఆ మాట దాచను. కానీ ఎవరూ వెళ్లకుండా ఒక దీవిని అలా వదిలేయాలన్న నిర్ణయం మాత్రం నచ్చింది. మీరు చూడాలనుకుంటే మధ్యలో ఉన్న ఓషిమా దీవికి వెళ్లండి, అక్కడ ఒడ్డున దూరం నుంచి దణ్ణం పెట్టుకునే మందిరం కట్టారు, ఆకాశం తేటగా ఉన్న రోజు దూరాన ఆ దీవి కనిపిస్తుంది. ఇంకో మాట, ఆ ముగ్గురిలో ఇచికిషిమహిమె అనే ఆమెని జపాన్‌లో బెన్‌జైతెన్‌తో కలిపి చూస్తారు. బెన్‌జైతెన్ అంటే మన సరస్వతే.

మా అన్నయ్య వేటకి వెళ్లి తిరిగి రాలేదు. పదకొండేళ్లయింది. బోటు దొరికింది, మనిషి దొరకలేదు. గంగమ్మకి మొక్కని రోజు లేదు మా ఇంట్లో. మీరు పోయిన నెల ఆ దేవుడు కాపాడతాడని రాశారు. ఎవరిని కాపాడాడు చెప్పండి. జపాన్‌లో ఓడలు మునగలేదా?
శ్రీకాకుళం జిల్లా నుంచి ఒక చెల్లెలు

మీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. మిగతా జవాబులన్నీ రాశాక కూడా మీకేం రాయాలో తోచలేదు.

మునిగాయమ్మా. 1955 మే 11న, ఆ కొండకి దగ్గర్లోనే, తకమత్సు ఒడ్డున, పొగమంచులో షిఉన్-మరు అనే ఫెర్రీ ఇంకో ఫెర్రీని గుద్దుకుని మునిగిపోయింది. 168 మంది పోయారు, వాళ్లలో సగానికి పైగా స్కూలు నుంచి విహారయాత్రకి బయల్దేరిన పిల్లలు. ఆ పిల్లల ఇళ్లలో కూడా మొక్కే ఉంటారు. కాపాడతాడని నేను రాసింది అక్కడివాళ్ల నమ్మకం, కానీ ఆ మాట మీ ఇంట్లో చదివితే ఎలా ఉంటుందో ఆలోచించకుండా రాశాను. క్షమించండి.

ఆ ప్రమాదం తర్వాత వంతెన కావాలని జనం పట్టుబట్టారు. ఏళ్లు పట్టింది, 1988లో సెతో పెద్ద వంతెన తెరిచారు, ఒసాకా అబ్బాయికి చెప్పిన రైలు వెళ్లేది దాని మీదే. ఇప్పుడు పొగమంచు రోజున స్కూలు పిల్లలు ఆ నీళ్లు దాటడానికి పడవ ఎక్కక్కర్లేదు. ఇంకా పాతకాలంలో కూడా భక్తులు ఉత్త దణ్ణాలతో ఊరుకోలేదు, కొతొహిరా స్టేషన్ పక్కన 27 మీటర్ల ఎత్తు చెక్క దీపస్తంభం ఉంది, సెతో సముద్రంలో ఓడలకి కనిపించాలని చందాలు వేసుకుని కట్టారు. మొక్కు డబ్బుతో దీపం పెట్టారు. మన తీరంలో వేటకి వెళ్లే ప్రతి బోటులో లైఫ్ జాకెట్, ప్రమాద సంకేతం పంపే పరికరం ఉండాలని మీరు ఉత్తరంలో రాసిన మాట కూడా నా దృష్టిలో ఇలాంటిదే, దాన్ని వదలొద్దు.

ఆ గుడి ప్రాంగణంలో ఒక స్మారక శిల ఉంది. ఎక్కువమంది చూడకుండానే దాటిపోతారు. యుద్ధం అయిపోయాక జపాన్ చుట్టూ సముద్రంలో మిగిలిపోయిన మందుపాతరల్ని ఏరుతూ చనిపోయిన 79 మంది కోసం 1952లో నిలబెట్టారు. వేరేవాళ్ల ఓడలు క్షేమంగా వెళ్లాలని నీళ్లలోకి దిగి, తాము తిరిగి రానివాళ్లు. కాపాడే దేవుడి గుడిలోనే వాళ్లకీ చోటిచ్చారు. ఏటా అక్కడ వాళ్ల పేరున నివాళి కార్యక్రమం జరుగుతుంది. చివరిసారి నేను వెళ్లినప్పుడు ఒక పెద్దావిడ ఆ రాయి ముందు టీ సీసా మూత తీసి పెట్టి, రుమాలుతో రాతి అంచు తుడుస్తోంది. ఎవరి కోసమని అడగలేదు. తుడిచి, రుమాలు మడిచి సంచిలో పెట్టుకుని, మెట్లు దిగి వెళ్లిపోయింది. సీసా మూత తీసే ఉంచింది.

అక్టోబరులో నేను మళ్లీ వెళ్తున్నాను. ఇతరుల బదులు వెళ్లి మొక్కు చెల్లించడం ఆ గుడికి కొత్త కాదు, పైన రాశాను కదా. మీకు ఇష్టమైతేనే, అన్నయ్యగారి పేరు ఒక్కటి రాసి పంపండి. ఆ రాయి దగ్గర నిలబడి ఆ పేరు చెప్పి వస్తాను.